తాబేలు పది రోజులుగా తినట్లేదు, ఇచ్చేద్దామంటే బాబు ఏడుస్తున్నాడు

హైదరాబాద్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చాలా పెద్దది. కుదించి ఇస్తున్నాను.

"మాది రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్. నేను, మావారు ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు ఏడాదిన్నర. అత్తయ్య మాతోనే ఉంటారు. బాబు పుట్టినరోజుకు మా తమ్ముడు ఎవరినీ అడక్కుండా ఒక చిన్న నీటి తాబేలును తెచ్చిచ్చాడు. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. పచ్చగా, కంటి వెనక ఎర్రటి చారతో ముద్దుగా ఉంది. మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న తొట్టి, ఎండు రొయ్యల డబ్బా కూడా ఇచ్చారు. 'రోజూ నాలుగు రొయ్యలు వేస్తే చాలు, ఏ పనీ ఉండదు, ఇంతకంటే పెద్దగా పెరగదు' అన్నాడట షాపతను.

వచ్చి పది రోజులైంది. ఏమీ తినట్లేదు. కొబ్బరిచెట్టు కింద గట్టు మీద రొయ్యలు పెడితే అలాగే ఉండిపోతున్నాయి. అన్నం మెతుకులు, బ్రెడ్డు ముక్కలు కూడా వేసి చూశాం. మనిషి కనిపిస్తే చాలు తల లోపలికి లాక్కుంటుంది. బాబు బెంగపెట్టుకుని రాత్రి తన గదిలోనే, ఏసీ కింద, మంచం పక్కన పెట్టుకుంటున్నాడు. కదులుతుందేమోనని బయటికి తీసి హాల్లో నడిపిస్తున్నాడు. నీళ్లు వాసన వస్తుంటే నేనే రోజూ పొద్దున బాక్సులు కట్టాక తొట్టిని వంటింటి సింక్‌లో కడిగి కుళాయి నీళ్లు పడుతున్నాను. మొన్న పాప ఆ నీళ్లలో చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుంది.

షాపుకు ఫోన్ చేస్తే 'ఒంటరిగా ఉందని దిగులు, ఇంకోటి తీసుకెళ్లండి' అన్నారు. మావారు 'చెరువులో వదిలేద్దాం, పుణ్యం' అంటున్నారు. అత్తయ్య 'ఇంటికి తాబేలు రావడం కలిసొచ్చే సూచన, ఇప్పుడు బయటికి పంపితే అరిష్టం, ఇంట్లో చచ్చిపోతే ఇంకా అరిష్టం' అంటున్నారు. నాకైతే ఎవరికైనా ఇచ్చేస్తే బాగుండుననిపిస్తోంది. ఆ మాట అన్నందుకు బాబు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది బతుకుతుందా? ఇచ్చేద్దామనుకోవడం నా తప్పా?"

సమాధానం

అమ్మా, ముందు టెన్షన్ తగ్గే మాట ఒకటి. కొత్త చోటికి వచ్చిన తాబేలు వారం, పది రోజులు తినకపోవడం మామూలే. మన ఒంట్లోలా తాబేలు ఒంట్లో వేడి పుట్టదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒంట్లోనూ అంతే. నీళ్లు చల్లబడే కొద్దీ ఆకలి చచ్చిపోతుంది, తిన్నది అరగదు. మీ బాబు ప్రేమకొద్దీ చేస్తున్న పనే, అంటే రాత్రంతా ఏసీ కింద పెట్టడమే, దాన్ని పస్తు పెడుతోందని నా అంచనా. గుప్పెడు నీళ్లున్న తొట్టి ఏసీ గదిలో ఇట్టే చల్లబడిపోతుంది. ఈ పిల్ల తాబేలుకు నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి.

రెండో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. మీరు తిండిని గట్టు మీద పెడుతున్నారు. నీటి తాబేలు పొడి నేల మీద తినలేదు. నోట్లో పెట్టుకున్నది గొంతులోకి దిగాలంటే దానికి నీళ్లు కావాలి. ఆ రొయ్యలు కొబ్బరిచెట్టు కింద ఎన్ని రోజులున్నా అలాగే ఉంటాయి. కాబట్టి అది మీ ఇల్లు నచ్చక తిండి మానేసిందనో, మీవాడి మీద అలిగిందనో అనుకోకండి. బాబుకు కూడా ఈ మాట ఇలాగే చెప్పండి, వాడి గుండె సగం తేలికపడుతుంది.

మీరు రాసిన గుర్తులను బట్టి అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాలో మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం దాని సొంతూరు. మన దగ్గర పెట్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కంటి వెనక ఎర్ర చార లేకపోయి ఉంటే నా సమాధానం వేరేగా ఉండేది. మన చెరువుల్లో, కాలువల్లో ఉండే దేశీ తాబేళ్లు, డిప్ప మీద నక్షత్రాల్లాంటి గీతలుండే మెట్ట తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. వాటిని కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం, జైలు దాకా వెళ్లే వ్యవహారం. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల ఇంట్లో అలాంటిది ఉంటే అటవీ శాఖకు అప్పగించడమే దారి. అన్నట్టు, నక్షత్ర తాబేలు నేల మీద బతికేది, ఈదలేదు. దాన్ని తెచ్చి నీళ్ల తొట్టిలో వేసినవాళ్లున్నారు. ఇక విదేశీ జంతువుల నమోదు విషయంలో కూడా ఈమధ్య కొత్త నిబంధనలు వచ్చాయి. మీ తమ్ముడి దగ్గర షాపు బిల్లు ఉంటే తీసి పెట్టుకోండి, మీ తాబేలుకు అవి వర్తిస్తాయో లేదో అటవీ శాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి.

తాబేలును ఉంచుకోవాలా, ఇచ్చేయాలా అన్నది తర్వాత చూద్దాం. ఏది నిర్ణయించినా అది ఈ నెల గడిపి బతకాలి కదా. అందుకు ఈ రోజే చేయగలిగినవి చెప్తాను.

ఆ కొబ్బరిచెట్టు తొట్టిని పక్కన పెట్టేయండి. అది షాపు నుంచి ఇంటిదాకా తెచ్చుకోవడానికి పనికొస్తుంది, కాపురానికి పనికిరాదు. బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు, నలభై, యాభై లీటర్లది, కొత్తది ఒకటి తీసుకోండి. సబ్బు తగిలిన పాతది వద్దు. అందులో పది, పన్నెండు సెంటీమీటర్ల లోతు నీళ్లు పోయండి. ఒక పక్కన శుభ్రంగా కడిగిన ఇటుకో, బల్లపరుపు రాయో పెట్టి, నీళ్లలోంచి అది సులువుగా పైకెక్కేలా ఏటవాలుగా ఇంకో రాయి ఆనించండి. రాయి కదలకూడదు, దాని కింద తాబేలు ఇరుక్కునే సందు ఉండకూడదు. నీళ్లు రాత్రే బకెట్లో పట్టి ఉంచి పొద్దున వాడండి, కొంత క్లోరిన్ పోతుంది. అక్వేరియం షాపుల్లో క్లోరిన్ విరిచే చుక్కల మందు దొరుకుతుంది, అదైతే ఇంకా నయం.

ఆ రాయి మీదికి పైనుంచి ఒక మామూలు ఫిలమెంట్ బల్బు వెలుతురు పడాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే కానీ వేడినివ్వదు. రాయి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. థర్మామీటరు పెడితే 32 డిగ్రీల చుట్టూ ఉండాలి. బల్బును టబ్బు అంచుకు క్లిప్పుతో వేలాడదీసి ఊరుకోవద్దు, అది జారి నీళ్లలో పడితే ప్రమాదం. స్టాండుకో, పైన కొక్కేనికో గట్టిగా కట్టండి. పగలు పది, పన్నెండు గంటలు వేయండి, రాత్రి ఆపేయండి. నీళ్లకు అక్వేరియం హీటరు వాడితే ప్లాస్టిక్ కవచం ఉన్నది, 26 డిగ్రీల దగ్గర తనంతట తనే ఆగేది చూసి కొనండి. కవచం లేకపోతే ఇంత పిల్ల వెళ్లి దాని వెనక ఇరుక్కుంటుంది. నీళ్లు మార్చేటప్పుడు ముందు ప్లగ్ తీసేయడం అలవాటు చేసుకోండి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులకు హీటరు తప్పదు. ఏప్రిల్, మేలో సమస్య తిరగబడుతుంది. అప్పుడు టబ్బు బాల్కనీలో ఉంటే నీళ్లు కాగిపోతాయి.

ఎండ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తాబేలు డిప్ప గట్టిపడాలంటే కాల్షియం కావాలి, ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, అది తయారవ్వాలంటే ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు నేరుగా ఒంటి మీద పడాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో వెలుతురు ఉంటుంది, వేడి ఉంటుంది, కావలసిన ఆ కిరణాలు మాత్రం అద్దం దగ్గరే ఆగిపోతాయి. అందుకని పొద్దున ఎండ తీవ్రం కాకముందు టబ్బునే బాల్కనీలోకి తీసుకెళ్లి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచండి. సగం టబ్బు మీద అట్టముక్క వేసి నీడ చేయండి, వేడెక్కితే అటు వెళ్తుంది. పక్కనే ఎవరో ఒకరు ఉండాలి. ఇంత చిన్న తాబేలు కాకికి ఒక్క ముద్ద.

అది కుదుటపడిందో లేదో మీకే తెలుస్తుంది. భయం తగ్గిన తాబేలు రాయెక్కి మెడ బారుగా సాచి, వెనక కాళ్లు రెండూ వెనక్కి చాపి, కాలివేళ్లు విప్పార్చి, వేళ్ల మధ్య పల్చటి తోలు కూడా ఎండకు పెట్టి కదలకుండా పడి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుని కెవ్వుమంటారు. అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి. కొన్నాళ్లకు డిప్ప మీంచి గాజుకాగితంలాంటి పల్చటి పొరలు ఊడొచ్చినా కంగారుపడకండి, పెరిగేటప్పుడు అవి రాలతాయి.

వారం పాటు దాన్ని ఎవరూ చేత్తో తీయొద్దు. హాల్లో నడిపించడం పూర్తిగా మానేయండి. టబ్బుకు మూడు వైపులా న్యూస్‌పేపరు అంటించండి. పైనుంచి పెద్ద పెద్ద తలకాయలు వంగి చూస్తుంటే ఏ చిన్న ప్రాణి అయినా బెదిరిపోతుంది. టబ్బు హాల్లో ఓ మూల, నడకదారికి దూరంగా, టీవీ మోత తగలని చోట ఉంటే మంచిది.

తిండికి నీటి తాబేళ్ల కోసమే అమ్మే పెల్లెట్లు తెప్పించండి. ఎండు రొయ్యల డబ్బాతో కడుపు నిండుతుందేమో కానీ కావలసిన విటమిన్లు, కాల్షియం అందవు. వాటినే మేపుతూ పోతే కొన్ని నెలలకు కళ్లు వాచి మూసుకుపోవడం, డిప్ప మెత్తబడటం మొదలవుతాయి. అన్నం, బ్రెడ్డు, పాలు అసలు వద్దు. పొద్దున లైటు వేసిన గంట తర్వాత, ఒళ్లు వెచ్చబడ్డాక, దాని తలకాయంత పరిమాణంలో పెల్లెట్లు నీళ్లలో వేసి మీరు పక్కకు వెళ్లిపోండి. పావుగంట తర్వాత మిగిలినవి చిన్న వలగరిటెతో తీసేయండి, లేకపోతే నీళ్లు కంపు కొడతాయి. ఒకటి రెండు రోజులు ముట్టకపోతే చిటికెడు వానపాము ముక్క, లేదా ఉప్పు వేయకుండా ఉడికించిన చేప ముక్క వేసి చూడండి. కదిలేది, వాసన వచ్చేది అయితే ఆశ పుడుతుంది. మీ ఇంట్లో నీచు పనికిరాదంటే పెల్లెట్లనే నానబెట్టి వేయండి, వాటిలోనూ చేపపొడి ఉంటుందన్న సంగతి అత్తయ్యగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెద్దయ్యే కొద్దీ అది ఆకుకూరల వైపు మళ్లుతుంది. పాలకూర మాత్రం ఎప్పుడో ఒకసారి తప్ప వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పక్షుల షాపులో దొరికే సముద్రపు నురుగు ముక్క (కటిల్‌బోన్) ఒకటి నీళ్లలో వేసి ఉంచితే కాల్షియం కోసం దాన్నే కొరుక్కుంటుంది.

ఇవన్నీ చేశాక కూడా ఇంకో వారం ముట్టకపోతే డాక్టరుకు చూపించండి. వారం కూడా ఆగకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. ఒక పక్కకు ఒరిగి ఈదడం, నీళ్లలో మునగలేక తేలిపోతుండటం, ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, కళ్లు వాచి తెరవలేకపోవడం, డిప్ప వేలితో నొక్కితే బాగా సొట్టపడటం. ఒరిగి ఈదుతోందంటే చాలాసార్లు అది న్యుమోనియా. కుక్కలను, పిల్లులను చూసే ప్రతి డాక్టరూ తాబేళ్లను చూడరు, ఫోన్ చేసి అడిగి వెళ్లండి. షాపతను ఇచ్చే చుక్కల మందు కళ్లలో వేసి చూద్దామనుకోవద్దు.

ఇక షాపతను చెప్పిన దిగులు కబురు. తాబేళ్లకు తోడు అక్కర్లేదు. ఈ జాతి పిల్లలను ఒకే తొట్టిలో పెడితే తిండి దగ్గర, ఎండ రాయి దగ్గర పోటీపడతాయి, తోకలు, కాళ్లు కొరుక్కుంటాయి. బలమైనది పెరుగుతుంది, రెండోది ఓ మూల కుంగిపోతుంది. తినని తాబేలు ఉన్న ఇంటికి ఇంకో తాబేలును అమ్మజూపినవాడి తెలివికి దండం పెట్టాలి కానీ, మాట వినకండి.

మీరు ఒక వాక్యంలో రాసి వదిలేసిన విషయం దగ్గరికి వస్తున్నాను. పాప ఆ నీళ్లలో చెయ్యి పెట్టి నోట్లో పెట్టుకుందన్నారు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఇదే. తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. తాబేలు ఆరోగ్యంగానే కనిపిస్తుంది, అది ఉన్న నీళ్లు తగిలినవాళ్లకు జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి వస్తాయి. పెద్దవాళ్లకు నాలుగు రోజుల్లో తగ్గిపోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు అది ముదిరే ప్రమాదం ఉంది. పిల్లలు చిన్న తాబేళ్లను నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారని అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాలకంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడం నిషేధించారు. మీ ఇంటికి వచ్చినది ఆ పరిమాణంలో సగం కూడా లేదు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు వద్దని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇప్పటికీ చెబుతుంది.

పాపకు ఇప్పుడేమీ లేకపోతే భయపడకండి. జ్వరంతో విరేచనాలు మొదలైతే మాత్రం పిల్లల డాక్టరుకు 'ఇంట్లో తాబేలు ఉంది' అన్న మాట తప్పక చెప్పండి. ఈ క్షణం నుంచి తొట్టి వంటింట్లోకి రాకూడదు. దానికంటూ ఒక బకెట్, ఒక మగ్గు, ఒక స్పాంజి వేరుగా ఉండాలి, నీళ్లు టాయిలెట్‌లో పారబోయాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు, మోచేతుల దాకా. ఇప్పటిదాకా కడిగిన సింక్‌ను బ్లీచింగ్ నీళ్లతో ఒకసారి బాగా తోమేయండి. టబ్బు పాపకు అందని ఎత్తులో, కదలని బల్ల మీద ఉండాలి. పాప పాకే నేల మీద తాబేలు నడవకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఉంచుకోవాలా వద్దా. షాపతను చెప్పిన 'ఇంతకంటే పెరగదు' అన్నది అబద్ధం. మగదైతే డిప్ప పదిహేను, ఇరవై సెంటీమీటర్లకు, ఆడదైతే ఇరవై ఐదు, ముప్పై సెంటీమీటర్లకు పెరుగుతుంది. అంటే అన్నం తినే కంచమంత. ఆడో మగో ఇంత పిల్లలో చెప్పలేం. డిప్ప పది సెంటీమీటర్లు దాటాక మగదానికి ముందుకాళ్ల గోళ్లు పొడుగ్గా పెరుగుతాయి, అప్పుడు తెలుస్తుంది. బాగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. పెద్దయ్యాక మూడు, నాలుగు వందల లీటర్ల ట్యాంకు, దానికి రెట్టింపు నీళ్లకు సరిపడే ఫిల్టరు, హీటరు, లైట్లు కావాలి. ఆ ట్యాంకు నీళ్లతో కలిపి నాలుగు క్వింటాళ్ల బరువు తూగుతుంది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా దాన్ని విప్పి, మోసి, మళ్లీ కట్టుకోవాలి. మీ బాబు ఇంజినీరింగ్ చదవడానికి హాస్టలుకు వెళ్లేనాటికి ఈ తాబేలుకు సగం వయసు కూడా రాదు. అప్పుడు నీళ్లు మార్చేది ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఉంచుకుంటే ఎలా ఉంటుందో చూద్దాం. ఇది మీ ఒక్కరి నెత్తిన పడకుండా ఉంటేనే కుదిరే పని. నీళ్ల బరువు మోయడం, వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చడం మీవారి వంతు. ఫిల్టరు వచ్చేదాకా అయితే రోజు విడిచి రోజు మొత్తం మార్చాలి. పొద్దున నీళ్ల వేడి చూసి పుస్తకంలో రాయడం, పెల్లెట్లు వేయడం, చేతులు కడుక్కోవడం బాబు వంతు. ఎనిమిదేళ్లవాడు ఇది శ్రద్ధగా చేయగలడు, కానీ పూర్తి బాధ్యత వాడిదని మాత్రం అనుకోవద్దు. పాపకు ఐదేళ్లు వచ్చేదాకా అంటే ఇంకో మూడున్నరేళ్లు ఆ కట్టుదిట్టాలు ఒక్క రోజు కూడా సడలకూడదు. ఇంట్లో పెద్దలు ముగ్గురూ కూర్చుని దీనికి ఒప్పుకుంటే ఉంచుకోండి. బాబుకు ఒక ప్రాణిని దగ్గరగా గమనించే అవకాశం దొరుకుతుంది, అది చిన్న సంగతేమీ కాదు.

ఇచ్చేయాలనుకుంటే తొందరపడి ఎవరికంటే వాళ్లకు ఇవ్వకండి. ఇప్పటికే స్లైడర్లు పెంచుతూ పెద్ద ట్యాంకున్నవాళ్లు, లేదా చుట్టూ గోడ కట్టిన నీళ్ల తొట్టి ఉన్న ఫాంహౌస్ వాళ్లు అయితే మంచిది. దొరకడానికి నెలో, రెండు నెలలో పడుతుంది. అందాకా పైన చెప్పిన టబ్బులో బాగానే ఉంటుంది. జంతు సంరక్షణ సంస్థలను అడిగి చూడండి, జూవాళ్లు తీసుకుంటారని మాత్రం నమ్మకం పెట్టుకోకండి. షాపుకు తిరిగివ్వడం అన్నిటికంటే సులువు, డబ్బులడక్కపోతే సాధారణంగా కాదనరు. కాకపోతే అది ఇంకో కొబ్బరిచెట్టు తొట్టిలో ఇంకో పుట్టినరోజు ఇంటికి వెళ్తుంది. అది తెలిసి ఇస్తే ఇవ్వండి, నేను తప్పుపట్టను. ఏడాదిన్నర పాప ఉన్న ఇంట్లో ఆ నిర్ణయం కూడా అర్థం చేసుకోదగ్గదే.

నన్నడిగితే, మీ ఉత్తరంలోని పరిస్థితిని బట్టి నా మొగ్గు జాగ్రత్తగా చూసి ఇచ్చేయడం వైపే. మీకు ఇష్టం లేని పనిని ముప్పై ఏళ్లు చేయమని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఇచ్చేద్దామనుకోవడం మీ తప్పా అని అడిగారు. కాదు. దాని కోసం మీరు ఇప్పటిదాకా చేసినంత ఆ ఇంట్లో ఇంకెవరూ చేయలేదు.

ఒక్క దారి మాత్రం మూసేయండి, చెరువులో వదలడం. మీవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. ఇంత పిల్లకు అక్కడ కొంగలు, చేపలు, కాకులు కాచుకుని ఉంటాయి. ఒకవేళ బతికి పెద్దదైతే నష్టం అటు తిరుగుతుంది. ప్రపంచంలో అతి హానికరమైన చొరబాటు జాతులు వంద అని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసిన జాబితాలో ఈ స్లైడర్ ఉంది. ఎండకాచుకునే చోట్ల నుంచి మన తాబేళ్లను తరిమేస్తుంది, వాటి తిండి లాగేసుకుంటుంది, కొత్త జబ్బులు అంటిస్తుంది. ఇలా ఇళ్లలో విసుగొచ్చి వదిలేసినవే ఈశాన్య రాష్ట్రాల నీళ్లలో కూడా దొరికాయి. గుడి కోనేరులో వేసినా ఇదే కథ.

అత్తయ్యగారి మాటను కొట్టిపారేయకండి, ఆవిడ భయం ఆవిడది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువును కూర్మ రూపంలో కొలుస్తారు, ఆ గుడిలో నక్షత్ర తాబేళ్లు కూడా ఉంటాయి. ఆ సంగతి ఎత్తి, ఇంట్లో పస్తుండి చచ్చిపోనివ్వడం కంటే బాగా చూసుకునే చోటికి పంపడం కూర్మస్వామికి ఇష్టమా కాదా అని ఆవిడనే అడగండి. ఇంట్లో తాబేలు ఉండి తీరాలంటే ఒక ఇత్తడి తాబేలు కొనిపెట్టండి. చెప్పిన దిక్కుకే చూస్తూ కూర్చుంటుంది, నీళ్లు మార్చక్కర్లేదు.

బాబుతో మాట్లాడేటప్పుడు 'తాబేలు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది' లాంటి కథలు చెప్పకండి. స్కూలు నుంచి వచ్చేసరికి మాయం చేయడం అంతకంటే వద్దు. ముందు ఈ నెల రోజులూ దాన్ని కోలుకునేలా చేసే పనిలో వాడిని కలుపుకోండి. థర్మామీటరు వాడి చేతికివ్వండి. అది మొదటి ముద్ద తిన్నప్పుడు వాడు చూడాలి. తర్వాత పాప విషయం, అది ఎంత పెద్దదవుతుందన్న విషయం వాడికి అర్థమయ్యే భాషలో చెప్పండి, టేపుతో నేల మీద ట్యాంకు కొలత గీసి చూపించండి. ఇచ్చేటప్పుడు వాడిని వెంట తీసుకెళ్లండి, ఆ ఇంట్లో దాన్ని వాడి చేత్తోనే నీళ్లలో దింపనివ్వండి. ఏడుస్తాడు. ఏడవనివ్వండి, అందుకు మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు.

మిగిలింది మీ తమ్ముడు. ఉత్తరం పొడుగునా మీ కోపం అతని మీదే ఉంది కానీ ఎక్కడా బయటపెట్టలేదు. అడక్కుండా ప్రాణిని బహుమతిగా ఇస్తే దాంతోపాటు ఇరవై ఏళ్ల పని కూడా ఇచ్చినట్టేనని మెత్తగానే చెప్పండి. మీరు ఉంచుకున్నా, ఒకటి రెండు నెలల్లో ఇచ్చేసినా, ఎండలోని ఆ అల్ట్రావయొలెట్ కిరణాలనిచ్చే యూవీబీ లైటు ఎలాగూ కావాలి, వర్షాకాలంలో పొద్దుటెండను నమ్ముకోలేం. అది అతన్నే కొనమనండి. డబ్బా మీద 5.0 అని ఉన్నది సరిపోతుంది. రాయికి ఒక అడుగు ఎత్తులో బిగించాలి, మధ్యలో గాజు పలక అడ్డం రాకూడదు. వెలుగు వస్తూనే ఉన్నా ఆరు నెలల నుంచి ఏడాది లోపు అందులోంచి వచ్చే కిరణాలు సన్నగిల్లుతాయి. కాబట్టి బిగించిన తేదీని డబ్బా మీద పెన్నుతో రాసి దాచండి, తాబేలును ఎవరికిచ్చినా ఆ లైటును, ఆ డబ్బాను కూడా వాళ్లకే ఇచ్చేయండి.